మూడు మందులు మార్చినా తమ్ముడికి ఫిట్స్ ఆగడం లేదు. ఎపిలెప్సీ సెంటర్‌కి వెళ్తే నిజంగా తేడా ఉంటుందా?

తమ్ముడి అక్క

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడి పోస్టులు చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మా తమ్ముడికి 24 ఏళ్లు. 15వ ఏట ఫిట్స్ మొదలయ్యాయి. పడిపోయి కొట్టుకునేవి ఏడాదికి రెండు మూడుసార్లే. నెలకి నాలుగైదుసార్లు వచ్చేవి వేరే రకం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతాడు. చూపు ఒకచోటే నిలిచిపోతుంది, నోరు చప్పరిస్తున్నట్టు కదులుతుంది, ఎడమ చేత్తో చొక్కా గుండీ తడుముతూ ఉంటాడు. నిమిషం, నిమిషంన్నరలో తేరుకుంటాడు కానీ ఆ తర్వాత కాసేపు మాట సరిగ్గా రాదు. వాడికేమో ఏదీ గుర్తుండదు.

ఇప్పటికి మూడు మందులు అయ్యాయి. మొదటిది పనిచేయలేదు, రెండోదానికి కొంచెం తగ్గి మళ్లీ మొదలైంది, మూడోదానితో రోజంతా మగతే. ఎంఆర్ఐ నార్మల్ అన్నారు. మా డాక్టర్ గారు మంచివారు, ఓపిగ్గా చూస్తారు. పోయినసారి ఆయనే, "నాలుగో మందు ఇవ్వగలను. కానీ ఒకసారి ఎపిలెప్సీ సెంటర్‌లో చూపిస్తే మేలు" అన్నారు.

అమ్మ మాత్రం "ఈయనా న్యూరాలజిస్టే, వాళ్లూ న్యూరాలజిస్టులే, కొత్తగా ఏం చేస్తారు? అన్ని రోజులు అడ్మిట్ చేసి పిల్లాణ్ని పరిశోధనలకి వాడుకుంటారు" అని భయపడుతోంది. ఆమెకి ఏం చెప్పాలో నాకూ తెలియడం లేదు. వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

గవ్వ

నేను వెళ్లానండీ. నాకు తేడా తెచ్చింది ఒకే ఒక్క ప్రశ్న.

16 ఏళ్లకి మొదటి ఫిట్ వచ్చింది. ఒక మందు రాశారు, వాడాను. తగ్గకపోగా ఇంకోరకం ఇబ్బంది ఎక్కువైంది. అది ఫిట్స్‌లో భాగమని నాకు తెలియక ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్ల తర్వాత ఎపిలెప్సీ స్పెషలిస్టు దగ్గరికి వెళ్తే ఆవిడ ఫైలు ఇంకా తెరవకుండానే అడిగారు: "పొద్దున్న లేచిన గంటలోపు చేతిలోంచి వస్తువులు జారిపడతాయా?"

నాకు ఒళ్లు జలదరించింది. బ్రష్ జారిపోవడం, దువ్వెన ఎగిరిపడటం, గ్లాసులో నీళ్లు ఒలికిపోవడం రోజూ ఉన్నదే. ఇంట్లో అందరూ "చేతిలో పట్టు లేదు, ధ్యాస లేదు" అనేవారు, నేనూ అదే నమ్మాను. అవి మయోక్లోనిక్ జెర్క్స్ అట, అంటే ఉన్నట్టుండి వచ్చే కండరాల కుదుపులు. నాది జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అని తేలింది. అప్పటిదాకా వాడిన కార్బమజెపిన్ కొన్ని రకాల ఫిట్స్‌కి మంచి మందే, కానీ ఈ రకంలో ఆ కుదుపుల్ని పెంచగలదు. మందు మార్చారు. నాలుగేళ్లయింది, ఒక్క ఫిట్ కూడా రాలేదు.

మొదటి డాక్టర్ మీద నాకు కోపం లేదు. ఆయన "ఫిట్స్ ఎన్ని వచ్చాయి" అని అడిగారు, నేను లెక్క చెప్పాను. పొద్దున్న చేతిలోంచి జారే బ్రష్ గురించి అడగాలని తెలియాలంటే అలాంటివాళ్లని వందలమందిని చూసి ఉండాలి.

రాత్రి డ్యూటీ

నేను ఈఈజీ (మెదడు తరంగాలు రికార్డు చేసే పరీక్ష) టెక్నాలజిస్టుని, వీడియో ఈఈజీ యూనిట్‌లోనే పనిచేస్తాను. "అన్ని రోజులు అడ్మిట్ చేసి ఏం చేస్తారు" అన్న మీ అమ్మగారి ప్రశ్నకి నేను చెప్తాను, ఎందుకంటే ఆ రోజుల్లో పేషంట్ పక్కన ఉండేది మేమే.

మామూలు ఈఈజీ అరగంట. ఆ అరగంటలో ఫిట్ రావడం అరుదు, అందుకే రిపోర్టు నార్మల్ అని వచ్చినా మూర్ఛ లేదని కాదు. వీడియో ఈఈజీ అంటే రోజుల తరబడి, 24 గంటలూ, మెదడు తరంగాలూ కెమెరా దృశ్యం పక్కపక్కనే రికార్డవుతాయి. ఫిట్ రావాలనే మందులు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఇది ఇంట్లో ఎవరూ చేయకూడని పని. అక్కడ నరానికి సూది పెట్టి ఉంచుతారు, మంచానికి కటకటాలుంటాయి, మేం తెర ముందునుంచి కదలం.

ముందు టేపుతో తల కొలుస్తాను. ముక్కు మొదలు దగ్గర్నుంచి వెనక ఎముక బుడిపె దాకా, ఒక చెవి ముందునుంచి రెండో చెవి ముందుదాకా. ఆ దూరాల్లో 10 శాతం, 20 శాతం చొప్పున పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, అక్కడ చర్మం శుభ్రం చేసి ఎలక్ట్రోడ్లు అతికిస్తాను. ఒక సెంటీమీటరు పక్కకి పెడితే రేపు డాక్టర్లు చూసే చోటు కూడా పక్కకి పోతుంది. అందుకే ఈ పని నాకు నేర్పినావిడ తొలి మూడు నెలలు నేను పెట్టిన ప్రతి గుర్తునీ మళ్లీ కొలిచేవారు.

ఫిట్ మొదలవగానే గదిలోకి పరిగెత్తి దుప్పటి తీసేస్తాం, చేతులూ కాళ్లూ కెమెరాకి కనపడాలి. "మీ పేరేంటి? చెయ్యి ఎత్తండి" అని అడుగుతాం. ఒక మాట చెప్పి గుర్తుపెట్టుకోమంటాం. "పచ్చ గొడుగు" లాంటిది. ఫిట్ అయ్యాక ఆ మాటేంటని అడుగుతాం. ఎప్పుడు మాట పోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది, ఏ చెయ్యి బిగుసుకుంది... వీటితోనే మెదడులో ఎటువైపు, ఎక్కడ మొదలైందో వెతుకుతారు. మీరు రాసిన ఎడమచేతి సంగతి, ఆ తర్వాత మాట రాకపోవడం తప్పకుండా వాళ్లకి చెప్పండి. ఆ టైములో కుడిచెయ్యి ఎలా ఉంటుందో ఈసారి గమనించండి.

ఇంకో మాట. ఇప్పటినుంచే ఫోన్లో వీడియో తీయండి. మొహం మాత్రమే కాదు, రెండు చేతులూ పడాలి. ఫిట్ ఆగగానే ఆపేయకుండా, మాట పూర్తిగా వచ్చేదాకా తీయండి. ముందు అతన్ని భద్రంగా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాకే వీడియో సంగతి. నోట్లో ఏమీ పెట్టవద్దు. 5 నిమిషాలు దాటితే వీడియో వదిలేసి అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.

తమ్ముడి అక్క

రాత్రి డ్యూటీ గారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. "దుప్పటి తీసేస్తాం" అన్నచోట ఆపి, "అంటే ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారన్నమాట" అంది. ఆమె భయమల్లా పిల్లాడు ఒంటరిగా ఉన్నప్పుడు వస్తుందేమోననే.

కుడిచెయ్యి గురించి తమ్ముణ్ని అడిగాను, తెలియదన్నాడు. వాడికెలా తెలుస్తుంది!

ఫెలోషిప్‌లో ఉన్నాను

న్యూరాలజీ పూర్తిచేసి ఇప్పుడు ఎపిలెప్సీలో ఫెలోషిప్ చేస్తున్నాను. మీ తమ్ముడి విషయంలో సలహా ఇవ్వలేను, చూడకుండా ఇవ్వకూడదు. "ఈయనా న్యూరాలజిస్టే, వాళ్లూ న్యూరాలజిస్టులే" అన్నదానికి మాత్రం జవాబు చెప్తాను.

న్యూరాలజీ శిక్షణలో పక్షవాతం, తలనొప్పి, పార్కిన్సన్స్, నరాల జబ్బులు, కండరాల జబ్బులు అన్నీ నేర్చుకుంటాం. ఫిట్స్‌తో ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లకి ఫిట్ ఎలా ఆపాలో బాగా వస్తుంది. ఆ ఫిట్ ఎక్కడ మొదలైందో వెతకడం వేరే విద్య. ఫెలోషిప్ అంటే ఒకటి రెండేళ్లు దాదాపు అదే పని. నాకు ఆశ్చర్యం కలిగించింది ఏంటంటే, మొదటి ఆరు నెలలూ మా గురువుగారు నాకు నేర్పింది "ఇది నార్మల్" అని చెప్పడం. మగతలో ఉన్నప్పుడు కణతల దగ్గర పదునుగా కనిపించే కొన్ని తరంగాలు ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి. వాటిని మూర్ఛ అని చదివేసి, ఏళ్లపాటు అక్కర్లేని మందులు మింగించిన కేసులు ప్రతి సెంటర్‌కీ వస్తాయి. ఆయన నా రిపోర్టులో "స్పైక్" (మూర్ఛని సూచించే పదునైన తరంగం) అన్న మాట కొట్టేసి "నీకు ఖాయంగా తెలిస్తేనే రాయి. ఈ మాటకి ఒక మనిషి జీవితమంతా మందులు వేసుకుంటాడు" అన్నారు. అది మర్చిపోలేను.

మందుల సంగతి. 2000లో గ్లాస్గోకి చెందిన క్వాన్, బ్రోడీ అనే డాక్టర్లు అంతకుముందు మందు వాడని 470 మందిని పరిశీలించిన ఫలితాలు ప్రచురించారు. మొదటి మందుతో 47 శాతం మందికి ఫిట్స్ ఆగాయి. రెండోదానితో మరో 13 శాతానికి. ఆ తర్వాత మూడోదీ, రెండేసి మందులు కలిపి ఇచ్చినవీ అన్నీ కలిపితే 4 శాతం. కొత్త మందులు ఎన్నో వచ్చాయి కదా అనుకుంటాం. 2018లో అదే గ్లాస్గో నుంచి 30 ఏళ్ల కాలంలో చూసిన 1,795 మంది లెక్కలు వచ్చాయి, ఆ నిష్పత్తి దాదాపు అలాగే ఉంది. అందుకే అంతర్జాతీయ ఎపిలెప్సీ సంఘం 2010లో ఒక నిర్వచనం ఇచ్చింది: సరైన రకానికి సరైన మందు, సరిపడా డోసులో, రెండుసార్లు వాడినా ఫిట్స్ ఆగకపోతే అది మందులకి లొంగని మూర్ఛ. నాలుగోది, ఐదోది వాడకూడదని దీని అర్థం కాదు, కొందరికి పనిచేస్తాయి. వాటిని ప్రయత్నిస్తూనే, ఇంకో దారి ఉందేమో పక్కనే వెతకాలి. మీ డాక్టర్ గారు చెప్పింది సరిగ్గా అదే. ఆయన మీ మంచి కోరి చెప్పారు.

ఆ ఇంకో దారుల్లో ఒకటి ఆపరేషన్. 2001లో కెనడాలో వీబ్ అనే డాక్టర్ బృందం టెంపొరల్ లోబ్ (కణత వైపు ఉండే మెదడు భాగం) మూర్ఛ ఉన్న 80 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసింది. ఏడాది తర్వాత స్పృహ పోయే ఫిట్స్ లేనివాళ్లు సర్జరీ గుంపులో 58 శాతం, మందులే వాడిన గుంపులో 8 శాతం. అయినా ఇప్పటికీ చాలామంది మా దగ్గరికి వచ్చేసరికి పదిహేను, ఇరవై ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఆ ఫిట్స్ చుట్టూ తిరిగి ఉంటాయి. ఆగని ఫిట్స్‌తో అరుదుగానైనా నిద్రలో ఆకస్మిక మరణం ముప్పు కూడా ఉంది. భయపెట్టడానికి చెప్పడం లేదు, "ఇంకో ఏడాది చూద్దాం" అనుకునే ముందు ఇది తెలిసి ఉండాలని చెప్తున్నాను.

పాత సభ్యుడు

డాక్టర్ గారు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. రెండోవైపు కూడా వినండి.

మా అమ్మాయిని తీసుకెళ్లాం. తొమ్మిది రోజులు ఉంచారు. చివరికి ఫిట్స్ రెండు వైపులనుంచీ మొదలవుతున్నాయి, ఆపరేషన్ కుదరదన్నారు. ఇంటికొచ్చాక నెలరోజులు పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదు. అంత ఆశ పెట్టుకుని వెళ్లింది మరి. అడ్మిట్ అయ్యే ముందు "ఆపరేషన్ కుదరకపోవచ్చు" అని మాకెవరూ గట్టిగా చెప్పలేదు. సెంటర్‌కి వెళ్తే ఆపరేషన్ చేసి బాగుచేస్తారనే అనుకున్నాం. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

వెళ్లొద్దని అనడం లేదు. తర్వాత మెడలో ఉండే వేగస్ నరానికి ఫిట్స్ తగ్గించే పరికరం పెట్టారు, మందులు నాలుగునుంచి రెండుకి తగ్గించారు. ఫిట్స్ సగానికి సగం తగ్గాయి. మగత తగ్గి డిగ్రీ పూర్తిచేసింది. కానీ అడ్మిట్ అయ్యే ముందే అడగండి: ఏమేం తేలవచ్చు, ఏది తేలితే ఏం చేస్తారు అని. తమ్ముడికి కూడా అవన్నీ ముందే తెలియాలి.

ఫెలోషిప్‌లో ఉన్నాను

పాత సభ్యుడు గారూ, మీరు చెప్పింది మాకు పాఠం. ఆ సంభాషణ అడ్మిషన్‌కి ముందే జరగాలి. మా శిక్షణలో తరంగాలు చదవడానికి ఇచ్చినంత సమయం దీనికి ఇవ్వడం లేదు, అది లోపమే.

వేసవి మబ్బు

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

నాకు వీడియో ఈఈజీలో తేలింది ఏంటంటే, నావి మూర్ఛ ఫిట్స్ కావు. ఐదుసార్లు వచ్చాయి, ఐదుసార్లూ మెదడు తరంగాల్లో ఏ మార్పూ లేదు. వీటిని డిసోసియేటివ్ సీజర్స్ అంటారట. ఏడేళ్లు మూడు మందులు వేసుకున్నాను.

అంతకు రెండేళ్ల ముందు ఒక ఎమర్జెన్సీలో ఒకాయన నా ముందే "నటిస్తోంది, వదిలేయండి" అన్నారు. కళ్లు తెరవలేకపోయాను కానీ మాట వినిపించింది. అందుకే సెంటర్‌లో రిజల్టు చెప్పే రోజు వణికిపోయాను. అక్కడి డాక్టర్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని "ఇవి నిజమైనవే. మీరు కావాలని తెచ్చుకోవడం లేదు. కారణం వేరు కాబట్టి వైద్యం వేరు" అన్నారు. మందులు మెల్లగా ఆపించారు, సైకాలజిస్టు దగ్గర థెరపీ నడుస్తోంది. ఇప్పుడు నెలకి ఒకటి వస్తే ఎక్కువ.

"అక్కడికి వెళ్తే ఫలానాదే చెప్తారు" అని ముందే అనుకోకండి. నాకు కొత్త మందు కంటే సరైన పేరే ఎక్కువ సాయం చేసింది.

మోడరేటర్

మందుల డోసుల గురించి కొందరు ప్రైవేట్ మెసేజీల్లో అడుగుతున్నారని తెలిసింది. దయచేసి ఆపండి. ఇక్కడ చదివి ఎవరూ మందు ఆపొద్దు, మార్చొద్దు. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

తమ్ముడి అక్క

అపాయింట్‌మెంట్ దొరికింది, వెళ్లొచ్చాం. అందరికీ చెప్పాలని ఇప్పుడే కూర్చున్నాను.

మొదటి విజిట్ గంటా పది నిమిషాలు. అందులో సగం సేపు అమ్మతోనే మాట్లాడారు. "చిన్నప్పుడు జ్వరంలో ఎప్పుడైనా ఫిట్ వచ్చిందా?" అని అడిగారు. అమ్మ కాసేపు ఆలోచించి, వాడికి పదకొండో నెలలో ఒకసారి వచ్చిందని చెప్పింది. అరగంట దాకా తగ్గలేదట. నాకే తెలియదు ఆ సంగతి. ఆయన పెన్ను పక్కన పెట్టి, "ఆ పాత ఎంఆర్ఐ మళ్లీ తీయిద్దాం, వేరే పద్ధతిలో" అన్నారు. జ్వరంలో చాలాసేపు వచ్చిన ఫిట్‌కీ, మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో పడే మచ్చకీ సంబంధం ఉండవచ్చట. అడ్మిషన్ వచ్చే నెల.

ఇంకొకటి. పరిశోధన కోసం అని ఒక కన్సెంట్ ఫారం ఇచ్చారు. రక్తం, స్కాన్లు, ఈఈజీ రికార్డులు పేరు లేకుండా వాడుకుంటామని ఉంది. అమ్మ మొహం మళ్లీ మారిపోయింది. సంతకం పెట్టకపోతే వైద్యం సరిగ్గా చేయరేమో అని తనకి టెన్షన్.

గవ్వ

పెట్టకపోయినా వైద్యం మారకూడదు. ఆ మాట ఫారంలోనే రాసి ఉండాలి, చూడండి. పెట్టాక ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. నేను సంతకం పెట్టాను, మా అక్క కూతురు ఇంకో చోట వద్దంది. ఇద్దరికీ వైద్యం మామూలుగానే జరిగింది.

ఫెలోషిప్‌లో ఉన్నాను

గవ్వ గారు చెప్పింది సరైనది. కొంచెం కలుపుతాను.

పరిశోధనలో రెండు రకాలు. మీకిచ్చినది చూసి రాసుకునే రకం. తమ్ముడికి అదనంగా ఏ మందూ ఇవ్వరు, రక్తం మాత్రం తీస్తారు. రెండోది కొత్త మందు ప్రయోగం. అందులో కొందరికి ఉత్తుత్తి బిళ్ల ఇస్తారు. మూర్ఛలో ఇది సాధారణంగా ఉన్న మందులకి అదనంగానే ఉంటుంది. ఏది సంతకం పెడుతున్నారో విడిగా అడగండి.

మీ అమ్మగారి భయానికి చరిత్రలో కారణాలు లేకపోలేదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి ఫిట్స్ ఆపడానికి రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో పెద్దభాగం తీసేశారు. ఫిట్స్ బాగా తగ్గాయి కానీ ఆ రోజునుంచి కొత్త జ్ఞాపకం నిలవలేదు. 2008లో చనిపోయేదాకా అలాగే బతికారు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఆయన్ని పరీక్షించారు, గదిలోకి వచ్చిన ప్రతిసారీ ఆమె ఆయనకి కొత్త మనిషే. జ్ఞాపకం మెదడులో ఎక్కడ తయారవుతుందో మనకి తెలిసింది చాలావరకు ఆయన వల్లే. ఇప్పుడు ఆపరేషన్‌కి ముందు మీ తమ్ముడికి గంటల తరబడి జ్ఞాపకశక్తి పరీక్షలు పెడతారు. రెండు వైపులా ఎవరూ తీయరు. ఆ జాగ్రత్త వెనక ఆ మనిషి ఉన్నాడు.

స్కాన్ గురించి కూడా. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో మామూలు ఎంఆర్ఐని మామూలుగా చదివితే లోపం ఉన్నవాళ్లలో 39 శాతం మందిలో దొరికింది. అదే స్కాన్‌ని అనుభవజ్ఞులు చదివితే 50 శాతం. మూర్ఛ కోసం ప్రత్యేకంగా తీసి అనుభవజ్ఞులు చదివితే 91 శాతం. "నార్మల్" అన్న మాట ఎవరు, ఏ స్కాన్ చూసి అన్నారన్నది ముఖ్యం.

దూరపు ఊరు

అందరూ సెంటర్, సెంటర్ అంటున్నారు, బాగుంది. దగ్గర్లో న్యూరాలజిస్టే లేనివాళ్ల సంగతేంటి? ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. సరిగ్గా వైద్యం అందితే 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని కూడా అదే చెప్తోంది. నేను ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నర్సుని. మూర్ఛ ఎలా గుర్తించాలి, మొదటి మందు ఎలా కొనసాగించాలి, ఎప్పుడు పైకి పంపాలి అని మాకు ఐదు రోజులు శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత నా రిజిస్టర్‌లో మధ్యలో మందు మానేసేవాళ్లు బాగా తగ్గారు. నేను చేసిందల్లా నెలనెలా ఫోన్ చేసి "మందు అయిపోయిందా?" అని అడగడం. 2022లో ప్రపంచ ఆరోగ్య సభ మూర్ఛ, ఇతర నాడీ జబ్బుల మీద 2031 దాకా పదేళ్ల ప్రణాళిక ఆమోదించింది. అందులో మాలాంటివాళ్ల శిక్షణ కూడా ఉంది. దాని గురించి కూడా మాట్లాడండి.

రాత్రి డ్యూటీ

నిజం. మా యూనిట్‌కి వచ్చేవాళ్లలో చాలామందిని ముందు గుర్తుపట్టి పంపేది మీలాంటివాళ్లే.

తమ్ముడి అక్క

ఆరు రోజులు ఉండి నిన్ననే ఇంటికొచ్చాం. నాలుగు ఫిట్స్ రికార్డయ్యాయి. నాలుగూ ఎడమ టెంపొరల్ లోబ్‌లోనే మొదలయ్యాయట. కుడిచెయ్యి మెలితిరిగి బిగుసుకుంటోంది, తొమ్మిదేళ్లలో ఇంట్లో ఎవరం గమనించలేదు. కొత్త ఎంఆర్ఐలో ఎడమ హిప్పోక్యాంపస్ చిన్నగా, మచ్చగా కనిపించింది. అన్నీ ఒకేచోటు చూపిస్తున్నాయి కాబట్టి ఆపరేషన్ ఆలోచించవచ్చన్నారు. కానీ ఎడమవైపు కదా, మాటలు, పేర్లు గుర్తుండటం మీద ప్రభావం ఉండొచ్చు. జ్ఞాపకశక్తి పరీక్షలు అయ్యాక, న్యూరాలజిస్టు, సర్జన్, రేడియాలజిస్టు, సైకాలజిస్టు అందరూ కూర్చుని మాట్లాడి చెప్తారట. పాత సభ్యుడు గారు చెప్పినట్టు అడ్మిషన్‌కి ముందే అన్నీ అడిగాం. వద్దంటే ఏం చేస్తారో కూడా తమ్ముడికి తెలుసు.

వాడూ ఇక్కడ అకౌంట్ తెరిచాడు. వాడే రాస్తానంటున్నాడు.

పచ్చ గొడుగు

నేనే ఆ తమ్ముణ్ని. రాత్రి డ్యూటీ గారూ, మీరు ఇక్కడ రాసిన మాటే పేరుగా పెట్టుకున్నాను. అక్కడ నాకు ఇచ్చిన మాట వేరు. నాలుగుసార్లు ఇచ్చారట, నాలుగుసార్లూ గుర్తులేదు.

నా వీడియో నేను చూస్తానని అడిగాను. అక్క వద్దంది, డాక్టర్ గారు "అతనిది, అతను చూడొచ్చు" అన్నారు. తొమ్మిదేళ్లుగా అందరూ చూస్తున్నారు, నేనొక్కణ్నే చూడలేదు. గుండీ తడుముతున్నాను. ఒక అమ్మాయి నా కుడిచెయ్యి పట్టుకుని పేరు అడుగుతోంది. నేను ఆమె వైపు చూస్తున్నాను కానీ నాకు తెలియడం లేదు. రెండోసారి కూడా చూశాను.

పరిశోధన ఫారం మీద సంతకం పెట్టాను. అమ్మ పక్కనే కూర్చుని మొత్తం చదివించుకుంది. జ్ఞాపకశక్తి పరీక్ష వచ్చే మంగళవారం. పదిహేను మాటల జాబితా చదివి తిరిగి చెప్పమంటారట. ఆ పరీక్ష రాసినవాళ్లు ఉంటే చెప్పండి, మధ్యలో విరామం అడగవచ్చా? మధ్యాహ్నం మందు వేసుకున్న గంట నాకు మగతగా ఉంటుంది.

గవ్వ

అడగవచ్చు. టైము కూడా పొద్దున్నకి మార్చమని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. మందు వేసుకునే వేళ చెప్తే వాళ్లే సర్దుతారు.